ఫొటో పోటీలు, మన పల్లెల పర్యాటకం: యువతతో నాలుగు మాటలు

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన ప్రాంతపు అందాల మీద ఆన్‌లైన్‌లో ఫొటో, వీడియో పోటీ పెట్టాలని సంఘం అనుకుంటోంది. దాని గురించి యువతతో మాట్లాడమని నన్ను అడిగారు. పోటీ పెట్టాలా వద్దా అని నేను చర్చ పెట్టను. పెట్టాల్సిందే. ఎట్లా పెట్టాలి, దాని ఫలం ఎవరికి చేరాలి అన్నదే మాట్లాడతాను.

ముందు ఒక ముచ్చట. 2009 జనవరిలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్ర పర్యాటక శాఖ ఒక ఉద్యోగ ప్రకటన ఇచ్చింది. గ్రేట్ బారియర్ రీఫ్ దీవుల్లో ఆరు నెలలు ఉండాలి, తిరగాలి, చూసినదాన్ని రాసి, ఫొటోలు తీసి నలుగురికీ చూపించాలి. జీతం లక్షా యాభై వేల ఆస్ట్రేలియా డాలర్లు. దరఖాస్తు కాగితం మీద కాదు, 60 సెకన్ల వీడియో. సుమారు 200 దేశాల నుంచి 34 వేలకు పైగా వీడియోలు వచ్చాయి. చివరికి బెన్ సౌతాల్ అనే బ్రిటన్ యువకుడికి ఆ ఉద్యోగం దక్కింది. అతని సంగతి అలా ఉంచండి. మిగిలిన 34 వేల మంది ఏం చేశారో చూడండి. ఒక్కొక్కరూ ఆ దీవుల గురించి చదివారు, వీడియో తీశారు, ఇంట్లోవాళ్లకు, స్నేహితులకు చూపించారు. బహుమతి ఒక్కరికే, ప్రచారం మాత్రం ఓడిపోయినవాళ్లందరూ చేసిపెట్టారు. పోటీ అనే పనిముట్టు బలం అదే.

ఇంకో రకం పోటీ ఉంది. 2010లో నెదర్లాండ్స్‌లో 'వికీ లవ్స్ మాన్యుమెంట్స్' అని మొదలైంది. మరుసటి ఏడు యూరప్ దేశాలకు పాకి, లక్షా 68 వేలకు పైగా ఫొటోలతో గిన్నిస్ రికార్డుకెక్కింది. రికార్డు కన్నా నాకు నచ్చింది వేరే. పోటీ అయిపోయాక కూడా ఆ ఫొటోలు వికీమీడియా కామన్స్‌లో మిగిలాయి. తీసినవారి పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు. మనం లైకుల కోసం పెట్టే ఫొటో వారం తిరిగేసరికి ఎక్కడో అడుగున పడిపోతుంది. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో జానపద సంస్కృతి మీద 'వికీ లవ్స్ ఫోక్‌లోర్' జరుగుతుంది. ఇంటికి వెళ్లాక తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేరు వెతకండి. ఊరి పేరు, జనాభా ఉంటాయి, ఫొటో చోటు చాలావాటికి ఖాళీయే.

ఇక మన కొండల సంగతి. వంజంగికి జనాన్ని తెచ్చింది ఎవరు? పాడేరు చుట్టుపక్కల వారికి తప్ప తెలియని కొండ అది. తెల్లవారుజామున మేఘాలు కింద, మనిషి పైన ఉన్న ఫొటోలు ఫోన్లలో తిరిగాయి. అంతే, చలికాలం సెలవులొస్తే బండ్ల వరుస. ఆ జనానికి మరుగుదొడ్డి ఎక్కడ, చెత్త ఎవరు ఎత్తాలి, బండి ఎక్కడ ఆపాలి అని ఫొటో ఆలోచించదు. ఫొటో పెట్టేవాడు ఆలోచించాలి.

లంబసింగిని అందరూ ఆంధ్రా కశ్మీర్ అంటారు. మనవాళ్ల పేరు కొర్రబయలు. ఆరుబయట ఉండిపోతే కొర్రులా బిగుసుకుపోతారని. ఆ చలిని కశ్మీర్ అనే మాట చెప్పగలదా? పైగా కశ్మీర్ అనగానే చూసేవాడు మంచు గడ్డలు ఊహించుకుంటాడు. ఇక్కడికొచ్చి పొగమంచు చూసి, మోసపోయామని రాసిపోతాడు. మన పేరు మనం వాడితే ఆ చిక్కు లేదు.

నవంబరు, డిసెంబరుల్లో అరకు దారిలో పసుపుపచ్చగా కనిపించేవి వలిసె చేలు. ఫొటో కింద 'పసుపు పూల లోయ' అని రాస్తే అది ఎవరూ నాటని పూలతోట అనిపిస్తుంది. చేనులోకి దిగి తొక్కుతారు. 'ఇది రైతు వలిసె చేను, గింజ నుంచి నూనె తీస్తారు, గట్టు మీద నిలబడి ఫొటో తీసుకోండి' అని రాస్తే పంట మిగులుతుంది. అందుకే మన పోటీలో ఫొటోకు ఎన్ని మార్కులో, కింద రాసిన వివరణకు అన్ని మార్కులు ఉండాలంటాను. ఫొటో బయటివాడు మనకన్నా మంచి కెమెరాతో తీయగలడు. వివరణ మీరు తప్ప ఎవరూ రాయలేరు.

ధింసా చూడండి. బయట తిరిగే వీడియోలన్నింటి కిందా ఒకటే మాట, 'అరకు ధింసా డాన్స్'. బోడ ధింసా ఊరి దేవతను కొలిచేది. బాగ్ ధింసా పులి మీద పడితే ఎలా తప్పించుకోవాలో చెప్పేది. కుండ ధింసాలో భుజాలతో నెట్టుకుంటూ ఊగుతారు. బాయ ధింసా పూనకం వచ్చినప్పటిది. తుడుం, డప్పు, కిరిడి, మోరి, జోడుకొమ్ములు... ఏది ఎవరు వాయిస్తున్నారో కూడా రాయరు. హోటల్ ముందు అరగంట ఆడించేదానికి, ఊళ్లో పండక్కి ఆడేదానికి తేడా మీ వీడియోలో కనపడాలి. పూనకం మాత్రం పోటీకి పెట్టకండి. ఇది నా అభిప్రాయం. ఊరి పెద్దలు వేరేగా అంటే వాళ్ల మాటే వినండి.

కెమెరా అనగానే నాకు అండమాన్ గుర్తొస్తుంది. 2012లో ఒక వీడియో బయటికొచ్చింది. జారవా ఆడబిడ్డలను తిండి ఆశ చూపి పర్యాటకుల ముందు ఆడించారు. దేశమంతా తల దించుకుంది. అక్కడ కూడా మొదట చెప్పిన పేరు పర్యాటకమే. మనిషిని జలపాతంలాగా, చెట్టులాగా చూడటం మొదలైతే దారి అక్కడికే పోతుంది. మన పిల్లలు మన అవ్వల ఫొటో తీసినా సరే, అడిగి తీయాలి. అవ్వ వద్దంటే వద్దు.

చట్టం కూడా కొంచెం తెలుసుకోండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మామూలుగా ఫొటో హక్కు తీసినవారిది, తీసినవారు బతికున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. అదే చట్టం నాట్యం చేసేవారిని, పాడేవారిని, వాయించేవారిని 'ప్రదర్శకులు' అంటుంది, వాళ్లకూ 50 ఏళ్ల హక్కు ఇస్తుంది. అంటే ధింసా ఆడే మన అక్కలు ఊరికే బొమ్మలో పడినవాళ్లు కారు, హక్కుదారులు. ఏ పోటీకైనా ఫొటో పంపే ముందు నిబంధనలు చివరిదాకా చదవండి. 'పంపిన ప్రతి ఫొటో మీద సర్వహక్కులు నిర్వాహకులవే' అని ఉంటే, బహుమతి రాని మీ వంద ఫొటోలూ ఉచితంగా వాళ్లకు పోయినట్టే. మన పోటీలో ఆ వాక్యం ఉండకూడదు. హక్కు తీసినవారిది, పేరుతో వాడుకునే అనుమతి మాత్రమే సంఘానిది.

లైకులతో విజేతను తేల్చడం కూడా నాకు ఇష్టం లేదు. పట్నంలో చుట్టాలు ఎక్కువున్నవాడు గెలుస్తాడు. ఒక ఫొటోగ్రాఫరు, ఒక ఉపాధ్యాయుడు, పల్లెల నుంచి ఇద్దరు పెద్దలు, అందులో ఒక ఆడమనిషి కూర్చొని తేల్చాలి. డ్రోన్లు, పెద్ద కెమెరాలు ఉన్నవాళ్లను ఒక విభాగంలో, మామూలు ఫోను ఉన్నవాళ్లను ఇంకో విభాగంలో పెట్టాలి. పేరుకు ఆన్‌లైన్ పోటీ, మరి సిగ్నల్ కోసం కొండెక్కాల్సిన ఊళ్లు మనకు ఎన్ని లేవు? ఆ పిల్లలు మెమరీ కార్డు తెచ్చి సంతరోజు ఇచ్చినా తీసుకోవాలి. వాట్సాప్‌లో పంపేవాళ్లు ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే నాణ్యత పోతుంది.

జలపాతాల విషయంలో గట్టిగా చెబుతున్నాను. ప్రతి వానాకాలం ఎవరో ఒకరి బిడ్డ పోయిన వార్త చదువుతున్నాం. లోతు ఎంత, జారుడు బండలు ఎక్కడ, ఏ నెలల్లో వెళ్లకూడదు అని రాయని జలపాతం ఎంట్రీని పక్కన పెట్టాలి. ఇంకా ఎవరికీ తెలియని చోటు ఉంటే, దాని లొకేషన్ పెట్టే ముందు ఊళ్లో అడగండి. 1996 పెసా చట్టం మన ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును, ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. కాబట్టి పోటీకి ఎంచుకున్న ప్రతి ఊళ్లో గ్రామసభ తీర్మానం తీసుకొని మొదలుపెడదాం. కొంచెం ఆలస్యమవుతుంది. కానివ్వండి.

డబ్బు మాట. ఫొటో చూసి జనం వస్తారు. వచ్చినవాళ్లు పట్నపు రిసార్టులో పడుకొని, వాళ్ల బండిలో తిరిగి, తెచ్చుకున్న నీళ్ల సీసాలు ఇక్కడ పారేసి పోతే మనకు మిగిలేది సీసాలే. అందుకే పోటీ అంశాలు కొండలు, మేఘాల దగ్గర ఆగకూడదు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మిరియం పాకిన చెట్ల నీడలో కాఫీ పండు కోసే చేతుల నుంచి కప్పు దాకా ఒక నిమిషం వీడియో తీయండి. బస ఇచ్చే ఇల్లు, దారి చూపే కుర్రాడు, బొంగులో వండిపెట్టే అక్క, వీళ్లను చూపించండి. వాళ్లు ఒప్పుకుంటేనే ఫోన్ నంబరు పెట్టండి.

మొదటి ఏడాది మూడు ఊళ్లు చాలు. మొదటి నెల కెమెరాలు బయటికి తీయొద్దు. పెద్దల దగ్గర కూర్చొని వాగుల పేర్లు, గుట్టల పేర్లు, పండగల పేర్లు రాసుకోండి. రెండో నెల ఫొటోలు తీద్దాం. పేర్లు ఇవ్వాలనుకునేవాళ్లు ఈ సభ అయ్యాక భోజనాల దగ్గర కార్యదర్శిగారిని కలవండి. అడగాల్సినవి ఉంటే ఇప్పుడే అడగండి, బస్సు టైము వరకు నేను ఇక్కడే ఉంటాను.

జై ఆదివాసీ.