కుంచం ఎవరి చేతిలో ఉంది?
(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక నిలబడ్డ కుర్రాళ్లు ముందుకొచ్చి కూర్చోండి. ఈ నాలుగు మాటలు ముఖ్యంగా మీకోసమే.

ఆగస్టు 9ని ఆదివాసీల రోజుగా ఐక్యరాజ్యసమితి 1994లో ప్రకటించింది. ఈ రోజు థింసా ఆడతాం, డప్పు కొడతాం, పెద్దల్ని తలచుకుంటాం. ఈసారి సంఘం వాళ్లు నన్ను పేదరికం గురించి మాట్లాడమన్నారు. నేను ఆర్థికశాస్త్రం చదివినదాన్ని కాదు. బి.ఎడ్. చేసి హాస్టల్లో పనిచేస్తున్నదాన్ని. అయితే వార్డెన్ అంటే రోజూ లెక్క రాసే మనిషి. బియ్యం ఎన్ని వచ్చాయి, గుడ్లు ఎన్ని, ఎంతమంది తిన్నారు, ఎంత మిగిలింది. అందుకే పేదరికాన్ని కూడా లెక్కల పుస్తకంలోంచే చూస్తాను.

పాఠ్యపుస్తకంలో కొరత అనే మాట ఉంటుంది. వస్తువు తక్కువ, కావలసినవాళ్లు ఎక్కువ. మన మన్యాన్ని ఒకసారి తలచుకోండి. చింతపండు, కుంకుడుకాయ, శీకాకాయ, ఉసిరి, కరక్కాయ, తేనె, అడ్డాకులు, కొండ చీపుర్లు. పొలంలో రాగులు, సామలు, పసుపు, రాజ్‌మా. నీడ చెట్ల కింద కాఫీ, ఆ చెట్లకు పాకిన మిరియాలు. ఇన్ని ఉన్నాయి. అయినా మనల్ని పేదవాళ్లంటారు. మనమూ అనుకుంటాం. మరి తక్కువైనది ఏమిటి?

ఈ ప్రశ్నను చాలా పెద్ద ఎత్తున అడిగిన మనిషి అమర్త్యసేన్. 1943 బెంగాల్ కరువును ఆయన చిన్నపిల్లవాడిగా కళ్లారా చూశారు. పెద్దయ్యాక లెక్కలు తీసి 1981లో పుస్తకం రాశారు. కరువు లేని 1941లో కంటే 1943లో బెంగాల్‌లో తిండి గింజలు తక్కువేమీ లేవని తేల్చారు. బియ్యం ఉన్నాయి, ధర పెరిగింది. కూలి పెరగలేదు. కొనే శక్తి లేని కూలీలు, జాలర్లు చనిపోయారు. వస్తువు ఉండడం వేరు, అది మన చేతికి దక్కడం వేరు అని ఆయన చెప్పిన మాట. 1998లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ మాట మన తాతలకు ఎవరూ చెప్పక్కర్లేదు. సంతలో అనుభవించారు. కావిడి నిండా చింతపండు మోసుకెళ్లి ఉప్పు తెచ్చుకునేవారు. షావుకారు కొనేటప్పుడు కుంచం మీద గోపురం కట్టేలా పోయించుకునేవాడు. అమ్మేటప్పుడు అంచుకు చేత్తో గీసి ఇచ్చేవాడు. కుంచం అదే, కొలత రెండు రకాలు. అప్పు తీరకపోతే మనిషే పనికి కుదరాలి, దాన్నే గొత్తి అన్నారు.

అందుకే చట్టాలు వచ్చాయి. ఏజెన్సీలో వడ్డీలకూ, భూమి చేతులు మారడానికీ హద్దు పెడుతూ 1917లో ఒకటి వచ్చింది. 1956లో గిరిజన సహకార సంస్థ, మన జిసిసి, పెట్టారు. అడవి సరుకు కొనడానికీ, ఉప్పూ పప్పూ సరసమైన ధరకు అమ్మడానికీ. 1959 భూబదలాయింపు నిబంధనలను 1970లో గట్టిపరిచారు. అదే మీరు వినే 1/70. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో మన భూమిని గిరిజనేతరులు కొంటే ఆ కొనుగోలు చెల్లదు. వీటిని ఎవరూ ఊరికే ఇవ్వలేదు. వీటి వెనక మన్యం తిరుగుబాట్లున్నాయి, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ఇప్పుడు కుంచం పోయి కాటా వచ్చింది. మరి లెక్క మారిందా? కాఫీ సంగతే చూద్దాం. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం పెట్టారు. మనకు గర్వమే. కానీ కాఫీ పండు కోతకొచ్చేది నవంబర్ నుంచి. ఇంట్లో గింజలు అయిపోయేది ఆషాఢంలో. అప్పుడే విత్తనాలు కావాలి, జ్వరాలు వస్తాయి, పిల్లలకు బడులు తెరుస్తారు. పూర్వం ఆ నెలల్లో మామిడి టెంకల పిండితో అంబలి కాచుకుని బతికేవారు. ఇప్పుడు రేషన్ బియ్యం ఉన్నాయి, కడుపు నిండుతుంది. కానీ చేతిలో డబ్బుండదు. ఆ డబ్బు కోసమే కాపును ముందే మాట ఇచ్చేస్తాం.

ఒక లెక్క వేద్దాం. సెల్‌ఫోన్లు తీయండి. ఒక కుటుంబం జూలైలో 10,000 రూపాయలు తీసుకుంది అనుకోండి. వడ్డీ లేదు అన్నాడు వ్యాపారి. ‘‘డిసెంబర్‌లో నీ 100 కిలోల కాఫీ గింజలు నాకే ఇవ్వు, సంత ధర కంటే కిలోకి 50 రూపాయలు తగ్గించి కట్టుకుంటాను’’ అన్నాడు. మంచి మనిషి అనుకుంటాం. ఆ 50ని 100తో హెచ్చించండి. 5,000 అయింది. అయిదు నెలలకు 5,000 అంటే నెలకు నూటికి పది రూపాయల వడ్డీ. అదే 10,000 అమ్మ పొదుపు సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి దొరికితే అయిదు నెలలకు 500. మిగతా 4,500 ఎక్కడికి పోయింది? కొండ మీద కాఫీ తక్కువై పోయిందా? కాదు. లెక్క మన చేతిలో లేక పోయింది. దీని మీద కాటా దగ్గర తేమ తరుగు, బస్తా తరుగు వేరే.

పిల్లలూ, చదువుకున్నవాళ్లుగా మీ పని ఇక్కడే మొదలవుతుంది. ఉద్యోగం వచ్చాక చూద్దాం అనకండి. ఈ కాపు నుంచే మూడు పనులు చేయండి.

మొదటిది, ఇంటికో నోటు పుస్తకం. ఏం అమ్మాం, ఎన్ని కిలోలు, ఏ ధరకు, తరుగు ఎంత, ఎవరి దగ్గర ఎంత తెచ్చాం. నాన్నకు రాయడం రాకపోతే ఆయన చెబుతుండగా మీరు రాయండి. సంతకు కూడా వెళ్లండి. కాటా సున్నా మీద ఉందో లేదో చూసి బస్తా పెట్టించండి. జిసిసి ఆ వారం ఏ ధర ఇస్తోందో అడిగి రండి. ధర తెలిసిన కొడుకో కూతురో పక్కన నిలబడితే తరుగు తగ్గుతుంది.

రెండోది, సరుకును ఒక మెట్టు ఎక్కించి అమ్మండి. కిలో కాఫీ గింజలు కావాలంటే సుమారు అయిదారు కిలోల పండ్లు కావాలి. పండుగా అమ్మేస్తే తోలు తీసి, కడిగి, ఎండబెట్టిన పనికి వచ్చే కూలి మరొకరికి పోతుంది. చింతపండు గింజ తీస్తే ఒక ధర, తీయకపోతే ఒక ధర. నలుగురు కలిస్తే చిన్న పల్పర్ మిషన్ తిప్పుకోవచ్చు, బండి మాట్లాడుకుని ఒకే లోడుగా పంపుకోవచ్చు.

మూడోది, ఆషాఢానికి ముందే ఆషాఢం గురించి ఆలోచించండి. కాపు డబ్బు వచ్చిన నెలలోనే కొంత పొదుపు సంఘంలో వేయించండి. పండక్కి కొత్త ఫోన్ కావాలని మీరు పట్టుబట్టే ముందు ఆ నోటు పుస్తకం ఒకసారి తిప్పండి.

లెక్క రాసుకుంటే రోడ్డు పడదు, అదీ నాకు తెలుసు. నిండు గర్భిణిని డోలీలో మోసే ఊళ్లు ఇంకా ఉన్నాయి. అది మన బద్ధకం వల్ల వచ్చిన పేదరికం కాదు, ప్రభుత్వం బాకీ. దాన్ని అడగడానికి గ్రామసభ ఉంది. 1996 పెసా చట్టం మన గ్రామసభకు బలం ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం అడవి సరుకు మీద మన హక్కును ఒప్పుకుంది. కానీ గ్రామసభలో తీర్మానం చదివి వినిపించేవాళ్లు లేకపోతే, ఎవరో రాసుకొచ్చిన కాగితం మీద వేలిముద్రలు పడతాయి. అక్కడ కూడా చదువుకున్న మీరే కూర్చోవాలి. ఎవరైనా బినామీగా మీ పేరు వాడుకుంటాం, కొంత డబ్బిస్తాం అంటే ఒప్పుకోకండి. ఆ సంతకంతో పోయేది ఒక్క మీ భూమి కాదు, 1/70 కోసం పోరాడినవాళ్ల కష్టం.

అభివృద్ధి అంటే బిల్డింగులు, టవర్లు అనుకుంటాం. నా దృష్టిలో ఒక ఊరు ఆషాఢంలో అప్పు లేకుండా విత్తనం వేయగలిగితే ఆ ఊరు అభివృద్ధి చెందినట్టు. వచ్చే ఏడాది ఇదే రోజున కలుద్దాం. అప్పుడు మీ చేతుల్లో డప్పులతో పాటు ఆ నోటు పుస్తకాలూ ఉండాలి. తెచ్చి చూపించండి, వార్డెన్ని కదా, దిద్ది మరీ ఇస్తాను.

జోహార్ ఆదివాసీ!