‘చేయడు’ అనే క్రియాపదం: రక్షణ పొందినవాడి పాపం గురించి



ఈ ధర్మనిధి వేదిక ఎవరి పేరిట పెట్టారో ఆ అయ్యగారి సేవ గురించి నాకన్నా ముందు మాట్లాడినవారు చెప్పారు. నేను ఒక్క సంగతే చెబుతాను. నాకు గ్రీకు నేర్పింది ఆయన. తెల్లవారుజామున అయిదింటికి, వాళ్ల ఇంటి వరండాలో. తప్పు చదివితే తిట్టేవారు కాదు. చేతిలో పెన్సిలు కింద పెట్టి, నేను దిద్దుకునేదాకా వీధివైపు చూస్తూ కూర్చునేవారు. ఒకరోజు అలా చాలాసేపు చూశారు. ఆ రోజు మేం చదువుతున్నది యోహాను మొదటి పత్రిక మూడో అధ్యాయం తొమ్మిదో వచనం: దేవుని మూలంగా పుట్టినవాడు పాపం చేయడు, చేయజాలడు. ఆ వచనం దగ్గర ఆయనకూ నాకూ కుదరలేదు. ఆయన కన్నుమూసేదాకా కుదరలేదు. ఈ గౌరవాన్ని కృతజ్ఞతతో అందుకుంటూ, ఆగిపోయిన ఆ వాదాన్ని ఆయన పేరిట పెట్టిన ఈ వేదిక మీదే కొనసాగిస్తాను.

రక్షణ పొందిన విశ్వాసి ఈ శరీరంలో ఉండగానే పాపం లేనివాడు కాగలడా? మనిషి తన ప్రయత్నంతో పాపం లేకుండా బతకగలడన్న పెలగియస్‌కూ, కాదన్న అగస్టీనుకూ మధ్య నడిచిన వాదం మీకు తెలుసు. 418లో కార్తేజి సభ చేసిన తీర్మానమూ తెలుసు: ప్రభువు నేర్పిన ప్రార్థనలో క్షమాపణ అడిగే భక్తులు వినయం కోసం అడగడం లేదు, తమకు నిజంగా అవసరమై అడుగుతున్నారు. విశ్వాసి ఒకేసారి నీతిమంతుడూ పాపీ అని లూథర్ అన్నాడు. రోమా పత్రిక ఏడో అధ్యాయంలో వాపోతున్నది మారుమనసుకు ముందరి పౌలా, తర్వాతి పౌలా అన్నదాని మీద గ్రంథాలు గుట్టలుగా ఉన్నాయి. వాటి జోలికి పోను.

మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. మెదకు అధ్యక్ష మండలం నుంచి వచ్చినవారు ఈ సభలో ఉన్నారు. 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిసేదాకా ఆ సంఘాలు వెస్లీ బిడ్డలే. ఆయన సంపూర్ణ పరిశుద్ధతను బోధించాడన్నది నిజం. కానీ పాపం అంటే తెలిసిన ఆజ్ఞను తెలిసి మీరడమని ముందే హద్దు గీశాడు. ‘పాపరహిత సంపూర్ణత’ అన్న మాట తాను వాడనని 1766 నాటి పుస్తకంలో స్పష్టం చేశాడు. ఆయన శిష్యుల్లో జార్జి బెల్ అనే లండన్ మనిషి హద్దు దాటి, 1763 ఫిబ్రవరి 28న లోకం అంతమవుతుందని ప్రకటించాడు. ఆ తేదీ గడిచిపోయింది. సరిగ్గా నెలకు, మార్చి 28న, వెస్లీ కూర్చుని విశ్వాసుల్లోని పాపం గురించి ప్రసంగం రాశాడు. నీతిమంతుడిగా తీర్చబడినవాడిలో పాపమే ఉండదనే పొరపాటును పోగొట్టడానికే అది రాశానని దినచర్యలో చెప్పుకున్నాడు. మన కూటాల్లో వెస్లీ పేరు చెప్పి పాపరహిత జీవితాన్ని ప్రకటించేవారు ఆ ప్రసంగాన్ని ఒక్కసారి చదవాలని బతిమాలుతున్నాను.

ఇక నా అసలు వాదానికి వస్తాను. అది మా అమ్మతో మొదలవుతుంది.

మా అమ్మ మూడుసార్లు బాప్తిస్మం తీసుకుంది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ గుప్పెడు బియ్యం తీసి దేవుడి డబ్బాలో వేసే మనిషి ఆమె. నా ఎనిమిదో ఏట మా ఊళ్లో ఉజ్జీవ కూటాలు పెట్టారు. వచ్చిన ప్రసంగీకుడు ఆ తొమ్మిదో వచనం చదివి, దేవునివల్ల పుట్టినవాడు ఇక ఎన్నడూ పాపం చేయడు, చేశావంటే నువ్వింకా పుట్టనే లేదు అన్నాడు. ఆ వారమే అమ్మ బోరింగు దగ్గర బిందె వరస గురించి మా పెద్దమ్మతో పోట్లాడింది. అనరాని మాట ఒకటి అంది. ఇంటికొచ్చి బిందె దించి, నీళ్లు కడవలో పోయకుండా గడప మీద కూలబడింది. నేను పుట్టలేదురా అంది నాతో. ఆ ఆదివారం కాలువలో రెండోసారి మునిగింది. మూడేళ్లకు మూడోసారి.

అయ్యగారికి ఈ కథంతా చెప్పాను. ఆయన జవాబు సెమినరీల్లో ఇప్పటికీ చెబుతున్నదే: గ్రీకులో అక్కడున్నది వర్తమాన క్రియ, దానికి కొనసాగే పని అని అర్థం, కాబట్టి ‘అలవాటుగా పాపం చేయడు’ అని చదువుకోవాలి. జాన్ స్టాట్ 1964 నాటి వ్యాఖ్యానంలో దీన్నే సమర్థించాడు. తర్వాతి ఇంగ్లీషు అనువాదాల్లో కొన్ని ఈ దారే పట్టాయి. రెండో అధ్యాయం మొదట్లో, ఎవడైనా పాపం చేస్తే ఆదరణకర్త ఉన్నాడనే చోట, క్రియ ఒక్కసారి జరిగిన పనిని సూచించే రూపంలో ఉందన్నది వీరి బలం. ఆ బలాన్ని నేను కాదనను.

కానీ ఈ సూత్రం పత్రిక చివరిదాకా నిలవదు. అయిదో అధ్యాయం పదహారో వచనంలో మరణకరం కాని పాపం చేస్తున్న సహోదరుణ్ణి చూస్తే అతని కోసం వేడుకోమన్నాడు యోహాను. అక్కడున్నదీ వర్తమాన రూపమే. ఆ రూపానికి అలవాటని అర్థం చెబితే, అలవాటుగా పాపం చేసేవాడూ సహోదరుడే అవుతాడు. అప్పుడు మూడో అధ్యాయం ఏమైనట్టు? ఈ కాలభేదం మీద అంత బరువు మోపితే చదివేవాడు పట్టుకోగలడా అని సి.హెచ్. డాడ్ 1946లోనే సందేహించాడు. నాకు డాడ్ కన్నా పెద్ద సాక్షి మా అమ్మ. ఎన్నిసార్లు చేస్తే అలవాటు? మా బోరింగు దగ్గర ప్రతి ఎండాకాలం పోట్లాటే. ‘ఎన్నడూ’ అన్న ప్రసంగీకుడు ఆమెను ఒక్కసారితో బయటికి తోస్తే, ‘అలవాటుగా’ అన్న అయ్యగారు లెక్కపెట్టి తోస్తారు. ఆ రెండు మాటల్లో ఏదీ వచనంలో లేదు. అక్కడున్నది ఉత్త ‘చేయడు’.

ఆ క్రియాపదాన్ని తెలుగుగా చదవమంటున్నాను. చిన్నయసూరి భూత, వర్తమాన, భవిష్యత్తులు మూడింటితో ఆగక తద్ధర్మం అని మరొకటి చెప్పాడు. అంటే కాలాన్ని కాదు, స్వభావాన్ని చెప్పేది. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ 1985లో రాసిన వ్యాకరణంలో అలవాటునూ రాబోయే కాలాన్నీ ఒకే రూపం చెబుతుందని చూపించారు. ‘చేయడు’ దానికి వ్యతిరేక రూపం. అందుకే ‘రేపు రాడు’ అన్నా, ‘మా ఎద్దు పొడవదు’ అన్నా రూపం ఒకటే. మా ఎద్దు పొడవదు అన్న రైతును చూడండి. అది జన్మలో ఒక్కసారీ కొమ్ము విసరలేదని అతను ప్రమాణం చేయడం లేదు, ఎన్నిసార్లు విసిరిందో లెక్కా చెప్పడం లేదు. అది ఎలాంటి ఎద్దో చెబుతున్నాడు. ఒకనాడు జోరీగ కుట్టి కొమ్ము విసిరినా ఆ మాట అబద్ధం కాదు. పొడిచే ఎద్దని దాన్ని సంతకు తోలడు.

మరి అదే వచనంలోని ‘చేయజాలడు’ సంగతేమిటని అయ్యగారు అడిగేవారు. గట్టి ప్రశ్నే. నాకు జవాబు దొరకడానికి పదకొండేళ్లు పట్టింది. కన్నతండ్రి బిడ్డ ఏడుపు చూడలేడు అంటాం. ఆయనకు కళ్లు లేవని కాదు కదా. జాలడు అన్నది లేడు అన్న అర్థంలోనే వాడే గ్రాంథిక పదం. ప్రాణం ఒప్పుకోదనే అర్థం అందులో ఉంది. మా అమ్మ గడప మీద కూలబడింది అందుకే. అనరాని మాట అన్నాక ఆమె నీళ్లు కడవలో పోయలేకపోయింది. ఏ గుర్తు చూసి తాను పుట్టలేదనుకుందో, అదే ఆమె పుట్టిందనడానికి గుర్తు.

ఇది వ్యాకరణంతో చేసిన గారడీ అంటారని తెలుసు. తెలుగు రూపంతో గ్రీకు అర్థం తేల్చలేం, ఒప్పుకుంటున్నాను. కానీ తర్వాతి వచనంలోనే యోహాను పాపాన్ని సహోదరుణ్ణి ప్రేమించకపోవడంగా చెప్పాడు. పన్నెండో వచనంలో కయీనును చూపించాడు. దేవుని పిల్లలెవరో, కానివారెవరో అనే మాటల మధ్య ఉన్న వచనమిది. పనుల లెక్క అక్కడ లేదు, పుట్టుక ఉంది. పైగా మాలో పాపం లేదనేవాళ్లు తమను తామే మోసపుచ్చుకుంటున్నారని ఇదే పత్రిక మొదటి అధ్యాయంలో రాసినవాడు, రెండు అధ్యాయాల తర్వాత ఆ మోసగాళ్ల పక్షం చేరతాడా?

ఈ వాదమే ఇప్పుడు నా చేతిలో ఉన్న పనికి దారి తీసింది. 1818 నాటి తెలుగు కొత్త నిబంధన మొదలు నిన్నమొన్నటి అనువాదాల వరకు యోహాను పత్రికల్లోని ప్రతి క్రియాపదాన్నీ ఎవరెవరు ఎలా తెనిగించారో వరసగా రాసి పెడుతున్నాను. ఇప్పటికి రెండో, మూడో పత్రికలయ్యాయి. మొదటి పత్రికలో నాలుగో అధ్యాయం దగ్గర ఉన్నాను. అచ్చయిన పుస్తకాలతో పాటు చదివినవాళ్లు అంచుల్లో రాసుకున్న మాటలూ అందులో చేరుస్తున్నాను. మా అమ్మ బైబిలులో తొమ్మిదో వచనం పక్కన పెన్సిలుతో మూడు తేదీలున్నాయి. మూడో తేదీ కింద ‘ఇది నిజం’ అని రాసి, కొట్టేసింది. మీ ఇళ్లలో పెద్దవాళ్లు చదివిన పాత బైబిళ్లు ఉంటే తెచ్చి చూపించండి. ఆ పుటలు అక్కడే రాసుకుని, పుస్తకం ఆ సాయంత్రమే మీ చేతికిస్తాను.