పెద్ద కెమెరా కొనవలెనా?

(షోలాపూరులో ఉగాది ఉత్సవముల సందర్భమున సంఘ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేటా ఈ వేదికమీద సాహిత్యాన్ని గురించో, మన పెద్దలు తెలంగాణమునుండి మగ్గాలు వెంటబెట్టుకొని ఈ ఊరికి వచ్చిన వైనాన్ని గురించో పండితులు మాట్లాడటం ఆచారం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పట్టుకొని “మీరు కెమెరాను గురించి చెప్పండి” అన్నారు. నేను పండితుణ్ణి కాను. టవళ్ల కార్ఖానాలో లెక్కలు వ్రాసి విశ్రాంతి తీసుకొంటున్నవాణ్ణి. అయితే 2013 నుండి మన ఉగాదికీ, నారళీ పూర్ణిమనాటి మార్కండేయ రథానికీ, మనవారి పెళ్లిళ్లకూ పటాలు తీస్తున్నవాణ్ణి గనుక తప్పించుకోవడానికి వీలు లేకపోయింది.

వెనుక ఒక తగవు కూడా ఉన్నది. సంచికకు వచ్చిన ప్రకటనల డబ్బులో కొంత మిగిలినదనీ, దానితో సంఘానికి ఒక ‘ఫుల్‌ఫ్రేమ్’ కెమెరా కొనవలెననీ యువకులు పట్టుబట్టినారు. ఉన్నది చాలదా అని పెద్దలు అంటున్నారు. ఇరుపక్షాలవారూ నా ముఖం చూస్తున్నారు. ఆ కెమెరా కోసమే రెండేళ్లు డబ్బు కూడబెట్టి, చివరకు కొనకుండా ఊరకున్నవాణ్ణి నేను. ఎందుకు ఊరకున్నానో చెబితే తీర్పు మీరే చెప్పవచ్చును.

ఇది మా మేనత్తతో మొదలవుతుంది. ఆమె బీడీలు చుట్టేది. మన ఇళ్లలో ఆ పని ఎరుగనివారు లేరు. 2016లో ఒకనాటి సాయంకాలం గోడకు ఆనుకొని, ఒడిలో చాట పెట్టుకొని, ఆకు కత్తిరిస్తూ, చుడుతూ, మధ్యమధ్య తలయెత్తి నాతో మాట్లాడుతున్నది. ఇంట్లో ఒక్కటే బల్బు. ఎదుట ట్రంకుపెట్టెమీద కెమెరా కదలకుండా నిలబెట్టి ఏడెనిమిది పటాలు తీసినాను. “ఇంకెంతసేపు కూసుండాల్రా, ఆకు ఎండిపోతున్నది” అన్నది. ఆ మాట నాకు ఇంకా వినబడుతూనే ఉన్నది. ఎందుకంటే మరుసటి ఉగాదికి ఆమె లేదు.

పోయిన పదకొండో నాడు ఆ పటాలు బయటికి తీసినాము. ఒక్కటీ పనికి రాలేదు. గోడమీది క్యాలెండరులో తేదీ చదువుకోవచ్చు. చాట అంచున అల్లిక లెక్కపెట్టవచ్చు. అత్తమ్మ ముఖం మాత్రం పొగవలె అలుక్కుపోయి ఉన్నది. చేతులు అసలే లేవు. “నీ కెమెరా చిన్నది మామా, చీకటికి పనికి రాదు. ఫుల్‌ఫ్రేమ్ అయితే వచ్చేది” అన్నాడు మా మేనల్లుడు. వాడు పెళ్లిళ్ల పటాలు తీసి జీవించేవాడు. నేను నమ్మినాను. దుఃఖంలో ఉన్నవానికి నిందించడానికి ఒక వస్తువు దొరికితే అదొక ఊరట.

ఇంతకూ ఈ ‘ఫుల్’ అనే మాట ఎక్కడినుండి వచ్చినది? జర్మనీలో వెట్స్లార్ అనే ఊళ్లో లైట్జ్ కంపెనీలో ఓస్కార్ బర్నాక్ అనే పనివాడు ఉండేవాడు. సినిమా ఫిల్మును అడ్డంగా నడిపించి, సినిమా బొమ్మకు రెట్టింపు, అనగా 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గల బొమ్మ తీసే చిన్న కెమెరాను ఆయన తయారుచేసినాడు. అదే లైకా, 1925లో బజారుకు వచ్చింది. ఆనాడు దానిని పెద్ద కెమెరా అన్నవారు లేరు. ‘మినియేచర్’ అన్నారు, బొమ్మల కెమెరా అన్నట్లు. మనలో పెద్దవారి ఇళ్లలో ఆగ్ఫా క్లిక్ అనే డబ్బా కెమెరా ఉండేది, జ్ఞాపకమున్నదా? రోలుకు పన్నెండు బొమ్మలు. అందులోని చదరపు బొమ్మ నేటి ఫుల్‌ఫ్రేమ్‌కు మూడున్నర రెట్ల కంటె పెద్దది! మన తాతల డబ్బా కెమెరా ముందు, నేడు లక్షలు పోసి కొనే ఫుల్‌ఫ్రేమ్ చిన్నదే. అందుచేత ‘ఫుల్’ అంటే సంపూర్ణమనీ, తక్కినవన్నీ అరకొర అనీ అనుకొనవద్దు. అది ఒకానొక కొలతకు నిలిచిపోయిన పేరు.

తరువాత ఫిల్ము పోయి సెన్సారు వచ్చింది. ఫిల్ము ఉండే చోట వెలుగును పట్టుకొనే సిలికాను పలక అన్నమాట. దీనిని 36కు 24 కొలతతో చేయడం మొదట్లో మిక్కిలి ఖరీదైన పని. ఎందుకో షోలాపూరు వారికి సులభంగా బోధపడుతుంది. ఒకే తానులో అక్కడక్కడ పోగు తెగినదనుకోండి. దాన్ని చేతిరుమాళ్లుగా కోస్తే నాలుగు రుమాళ్లు పోతాయి, తక్కినవి దక్కుతాయి. చద్దర్లుగా కోస్తే ఆ నాలుగు లోపాలకే నాలుగు చద్దర్లు పోవచ్చు, మిగిలేవి కొద్ది. సిలికాను పలకల సంగతీ అంతే. అందుకని చాలా కంపెనీలు 23.5కు 15.6 మిల్లీమీటర్ల చిన్న కొలతను పట్టుకొన్నాయి. కానన్‌వారిది ఇంకొంచెం చిన్నది. 1996లో వచ్చి త్వరలోనే మాయమైన ఒక చిన్నరకం ఫిల్ము పేరుమీద దానిని ‘ఏపీఎస్-సీ’ అంటారు. నాది ఆ రకమే. 2002లో కాంటాక్స్, కానన్ కంపెనీలు పూర్తి కొలత సెన్సారు గల కెమెరాలు అమ్మినాయి. 2005లో కానన్ 5డి వచ్చిన తరువాత అవి స్టూడియోవారికి కొంత అందుబాటులోకి వచ్చాయి. 2013లో సోనీవారు అద్దం లేని చిన్న బాడీలో అదే కొలత సెన్సారును అమర్చినారు. సరిగ్గా నేను నా కెమెరా కొన్న ఏడే! కొత్త వస్తువు కొన్నవాడికి ఇటువంటి వార్తలు వెంటనే చెవిన పడతాయి.

ఇక లెక్క. పెద్ద సెన్సారు వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. నాదానిది దాదాపు 367. అంటే రెండుంబావు రెట్లకు కొంచెం పైన. వానలో తాంబాళం పెడితే గిన్నెకంటె ఎక్కువ నీళ్లు పడినట్లు, దానిలో అంతమేర వెలుగు ఎక్కువ పడుతుంది. చీకట్లో తీసిన పటంలో ఇసుక చల్లినట్లు కనిపించే మచ్చలు ఆమేరకు తగ్గుతాయి. ఇది నిజమైన లాభం. అయితే పది రెట్లు కాదు, రెండుంబావు రెట్లు.

నేను లెక్కలవాణ్ణి గదా. డబ్బు సిద్ధమయ్యాక, దుకాణానికి పోయే ముందు, అత్తమ్మ పటాలను మళ్లీ తెరిచినాను. ప్రతి పటంతోబాటు కెమెరా తన చిట్టా తాను వ్రాసుకొంటుంది. అందులో ఉన్నది ఇది: ఐ.ఎస్.ఓ. 1600, లెన్సు ద్వారం ఎఫ్/5.6, కాలం సెకనులో పదిహేనోవంతు. సెకనులో పదిహేనోవంతు! మాట్లాడుతూ బీడీ చుట్టే మనిషి అంతసేపు కదలకుండా ఉంటుందా? క్యాలెండరు కదలలేదు గనుక అది వచ్చింది. అత్తమ్మ కదిలింది గనుక రాలేదు. మచ్చలు పడతాయని భయపడి ఐ.ఎస్.ఓ.ను 1600 దాటనివ్వనివాణ్ణి నేనే. 6400 పెట్టి ఉంటే కాలం అరవయ్యోవంతుకు తగ్గేది. పటంమీద ఇసుక చల్లినట్లు ఉండేది, కాని ఆ ఇసుకలో అత్తమ్మ ముఖం ఉండేది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని వేరే చెప్పనక్కరలేదు.

మరునాడు మేనల్లుని ఫుల్‌ఫ్రేమ్ కెమెరాను రెండు రోజులకు అడిగి తెచ్చుకొన్నాను. అదే గోడ, అదే రకం బల్బు, అదే చాట. అత్తమ్మ కూర్చున్న చోట మా ఆవిడను కూర్చోబెట్టినాను. రెండు కెమెరాలతోనూ 6400 వద్ద, ఒకే ద్వారంతో తీసి, 8కి 12 అంగుళాల కాగితంమీద అచ్చు వేయించి ఇంటిల్లిపాదికీ చూపినాను. ఏది దేనిదో చెప్పలేదు. పగటిపూట వాకిట్లో తీసిన జతలో ఎవరికీ తేడా తెలియలేదు. బల్బు కింద తీసిన జతలో మాత్రం మా కోడలు వెంటనే పోల్చింది. నల్లచీర మడతలలో పెద్ద కెమెరా పటం శుభ్రంగా ఉన్నది. మా ఆవిడ తీర్పు వేరు. “రెండిట్లోనూ నేను ముసలిదాన్నే గదా” అన్నది.

తరువాత ఒక మిత్రునివద్ద 50 మిల్లీమీటర్ల లెన్సు ఎరువు తెచ్చి నా పాత కెమెరాకు తగిలించినాను. ద్వారం ఎఫ్/1.8. కెమెరాతోబాటు వచ్చిన లెన్సు దగ్గరకు లాగినప్పుడు ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు. ఈ రెంటికీ నడుమ వెలుగు తేడా తొమ్మిది రెట్లకు పైన! ఐ.ఎస్.ఓ. 1600లోనే ఉంచి, కాలాన్ని సెకనులో 125వ వంతుకు దించగలిగినాను. చేతులు నిలిచినాయి, ముఖం నిలిచింది. మేనల్లుని కెమెరా తన మామూలు లెన్సుతో ఇచ్చిన పటంకన్నా ఇది శుభ్రంగా వచ్చింది. న్యాయంగా చెప్పవలెనంటే, ఇటువంటి పెద్ద ద్వారం లెన్సును ఆ పెద్ద కెమెరాకూ తగిలిస్తే అది మళ్లీ రెండుంబావు రెట్లు ముందుంటుంది. కాదనను. నా అవసరం అంతవరకు పోలేదు. పైగా బాడీ ఒక్కటే లక్షకు అటూ ఇటూ ఉన్నది. ఈ లెన్సు దానిలో అయిదోవంతు ఖరీదు కూడా కాదు.

పెద్ద బాడీ కొంటే అక్కడితో పోదు. చిన్న సెన్సారుకని చేసిన లెన్సులు దానికి చాలవు. తగిలినా నడుమభాగమే పనిచేసి, 24 మెగాపిక్సెళ్ల కెమెరా పదింటికి దిగిపోతుంది. కొన్నయితే అసలు తగలనే తగలవు. కోడలితోబాటు కొత్త పీటలూ గిన్నెలూ వచ్చినట్లు, బాడీతోబాటు లెన్సులన్నీ కొత్తవి కావలె. వాటి బరువూ మోయవలె. నా మోకాళ్ల సంగతి మీకు తెలుసు.

ఇంకొక మాట దుకాణదారు చెప్పడు. ఒకే దృశ్యాన్ని, ఒకే ద్వారంతో తీసినప్పుడు, పెద్ద సెన్సారులో స్పష్టంగా నిలిచే లోతు తక్కువ. పెళ్లికూతురు ఒక్కతే ఉండి వెనుక దీపాలు కరిగిపోవలెనంటే అది వరమే. మన సంఘం వార్షిక పటం అలా కాదు. మూడు వరుసలు, ముందు కుర్చీలలో పెద్దలు, వెనుక బల్లలమీద యువకులు. ముందువరుస మీసాలు, వెనుకవరుస మీసాలు రెండూ తెలియకపోతే ఏడాది పొడుగునా నాకు మాట తప్పదు. అందుకు ద్వారం మూయవలె. అలా మూసేసరికి సెన్సారు పెద్దది కావడంవల్ల వచ్చిన వెలుగు లాభం కాస్తా హరించిపోతుంది. రథోత్సవంనాడు మేడమీదినుండి తీయడానికైతే నా చిన్న కెమెరాయే మేలు. 200 మిల్లీమీటర్ల లెన్సు దానిలో 300 లెన్సంత దగ్గరగా చూపుతుంది.

ఇక అచ్చు సంగతి. 12కు 18 అంగుళాల పటాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయడానికి ఒక కోటీ తొంభైనాలుగు లక్షల చుక్కలు చాలు. నా పాత కెమెరాకు రెండుకోట్ల నలభై లక్షలున్నాయి. మన సంచిక పుట మీ చేతిలోనే ఉన్నది. అది ఎంతటిదో చూడండి. మనవాళ్లు నిజంగా చూసుకొనేది ఫోనులోనే, అదీ బొటనవేలితో జరుపుతూ.

మరి మా మేనల్లుడు పెద్దది కొని తప్పు చేసినాడా? లేదు. వాడు పోయే మండపంలో వెలుగు ఎంతో, పురోహితుడు ఎక్కడ నిలబడతాడో వాడి చేతిలో లేదు. తాళి కట్టే క్షణం రెండోసారి రాదు. పెద్ద ద్వారం లెన్సులు వాడివద్ద ముందే ఉన్నవి. 6400 దాటి పోవలసినది వారానికి రెండుమార్లు. అప్పటికీ చాలకపోతేనే బాడీ మార్చినాడు. ఆ ఖర్చు రెండు పెళ్లి సీజన్లలో వాడికి తిరిగి వచ్చింది. వాడికి అది మగ్గం వంటిది.

మన సంఘానికి సంవత్సరంలో అటువంటి రాత్రి ఒక్కటే. నాటకం రాత్రి. పెద్ద పట్టణాలలో ఈ కెమెరాలు రోజు అద్దెకు దొరుకుతాయి. లేదా నా మేనల్లుడున్నాడు, భోజనం పెడితే వస్తాడు. మిగిలిన ప్రకటనల డబ్బులో ఒక మంచి లెన్సు కొనండి. ఇంకా మిగిలితే ఇంటింటా పెట్టెలలో పడి ఉన్న పాత పటాలను తెప్పించి, వాటిలో ఉన్నవారెవరో చెప్పగలవారు ఇంకా ఉండగానే పేర్లు వ్రాయించి, నకళ్లు తీయిద్దాము. ఇది నా సలహా మాత్రమే. కార్యవర్గం ఏమి తీర్మానించినా నాకు సమ్మతమే.

యువకులకు ఒక పని చెబుతాను. మీ కెమెరాలో చెడిపోయిన పటాలు చెరిపివేయకండి. పది ఏరి, ఒక్కొక్కదాని చిట్టా కాగితంమీద వ్రాయండి. కదిలి చెడిందా, మచ్చలతో చెడిందా, గదిలో వెనక్కు పోవడానికి చోటులేక చెడిందా, మీరు నిలబడిన చోటే తప్పా? అందులో సగమైనా మచ్చలవల్ల, అదీ పెద్ద ద్వారం లెన్సు పెట్టిన తరువాత కూడా చెడి ఉంటే, నావద్దకు రండి. దుకాణానికి నేనే తోడు వస్తాను.

ఆ 50 లెన్సు చివరకు నేనూ ఒకటి కొన్నాను. నిన్న సాయంకాలం మా చిన్నమేనత్తను దానితో తీసినాను. ఆమెకూ ఎనభై దాటినాయి, ఆమె కూడా చుట్టేదే. ఆ పటం అచ్చు వేయించి తెచ్చినాను. అదిగో గుమ్మం పక్క బల్లమీద ఉన్నది. దాని పక్కనే అత్తమ్మది, ముఖం లేని పటం కూడా పెట్టినాను. లెన్సు సంచిలో ఉన్నది. సభ అయిన తరువాత ఎవరైనా తమ కెమెరాకు తగిలించి చూసుకోవచ్చును, కాని అదే కంపెనీవి అయి ఉండవలె. ముందు పచ్చడి తిన్న చేతులు కడుక్కొని రండి.