నిరీక్షణయే తపస్సు



కోరిన వస్తువు చేతికందువరకు గడచు కాలము మనస్సునకు పరీక్షాకాలము. అమెరికాలోని టెస్లా సంస్థ ‘మోడల్ ఎస్’ అను ఖరీదైన విద్యుత్ కారు నమూనాను 2009 మార్చిలో ప్రదర్శించినది. ముందుగా సొమ్ము చెల్లించి పేరు నమోదు చేసికొన్నవారిలో మొదటివారికి 2012 జూన్ 22న కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కర్మాగారమున కార్లు అందినవి. నడుమ మూడేండ్లకు పైగా గడచినవి!

ఆ ప్రాంతమున మన తెలుగువారు అనేకులు నివసించుచున్నారు. క్రొత్త వాహనము రాగానే లివర్‌మోర్ శివవిష్ణు ఆలయమునకు కొనిపోయి వాహనపూజ చేయించుకొనువారు కలరు. అది సదాచారమే. అయితే పూజకు ముందు గడచిన ఆ దినములు ఏమైనవని మనము విచారింపవలెను.

శబరియు నిరీక్షించెను. గురువుల మాట నమ్మి, పంపాతీరమున ఆశ్రమధర్మము తప్పక, వన్యఫలములు సేకరించుచు శ్రీరామునికై వేచియుండెను. కనుకనే ఆమె నిరీక్షణ తపస్సైనది. మన నిరీక్షణమో, తేదీలు లెక్కించుటతోను, మనకంటె ముందు పొందినవానిని చూచి అసూయపడుటతోను వ్యర్థమగుచున్నది.

కారును కోరుట దోషము కాదు. గృహస్థునకు వాహనము అవసరమే. కాని దూరమున స్వగ్రామములో వృద్ధులైన తల్లిదండ్రులు మన పలుకరింపునకై వేచియున్నారు. వారు ఏ సొమ్మును కట్టలేదు. వారికి ఏ తేదీని ఎవరును చెప్పలేదు. మనము వేచియుండు దినములలో ముందుగా వారి నిరీక్షణమును తీర్చుదము. చక్రముల క్రింద నిమ్మకాయలుంచు వేళకు మన మనస్సులును శుద్ధమై యుండును.

శుభం భూయాత్.