గాలి వెంట వచ్చు నీరు

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన తుపాను దివిసీమను ముంచినప్పుడు నేను చదువుకొనుచుంటిని. సహాయమునకై గురువుగారి వెంట నచటికిఁ బోయితిని. "మెఱకకుఁ బోదమన్న పిల్లలను నేనే యాపితిని, గాలియే వచ్చుననుకొంటిని గాని నీరు వచ్చునని యెఱుఁగనయ్యా" యని యొక వృద్ధుఁడు కన్నీరు గార్చెను.

పెనుగాలి లోఁతులేని తీరమున సముద్రమును నెట్టి, సుమారు 5 మీటర్ల యెత్తున గ్రామములపైకిఁ దెచ్చినది. సుమారు 10,000 మంది మరణించిరి. మిగిలినవారికిఁ ద్రాగునీరు ఉప్పయ్యెను, పొలములు చవుడుబాఱెను.

గాలి యింటికప్పును గొనిపోవును. ఉప్పెన యింటివారినే గొనిపోవును. కావున హెచ్చరిక విన్నంతనే పశువుల పలుపులు విప్పి, తుపాను రక్షణభవనమునకుఁ జేరుఁడు. నడుమ గాలి శాంతించినను వెలుపలికి రావలదు. తుపాను కన్ను దాటిన పిదప నెదురుదిక్కునుండి మరల వీచును. పెద్దలారా! మీరు మొదట లేచినచో గ్రామమంతయు మీ వెంట లేచును.