పిడుదులు, కోతులు, వానలు



రోగం ఒక ప్రాణి నుంచి మరో ప్రాణికి ఎలా చేరుతుంది? ఈ ప్రశ్నకు ఒక గొప్ప సమాధానం కలకత్తాలో దొరికింది. పక్షుల మలేరియా దోమకాటుతో వ్యాపిస్తుందని 1898లో రొనాల్డ్ రాస్ అక్కడే నిరూపించారు. అంతకు ముందే, 1893లో, పశువుల టెక్సాస్ జ్వరాన్ని పిడుదులు మోస్తాయని అమెరికాలో స్మిత్, కిల్‌బోర్న్ వెల్లడించారు. పశువుల చెవులకు అంటుకుని రక్తం పీల్చే గోమార్లే ఈ పిడుదులు. ఇవి కీటకాలు కావు, సాలీళ్ల బంధువులు.

మన దేశపు ఉదాహరణ చూద్దాం. 1957లో, నేటి కర్ణాటకలోని షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు, కొండముచ్చులు చనిపోసాగాయి. చుట్టుపక్కల గ్రామాల వారికి తీవ్రమైన జ్వరం, కొందరికి రక్తస్రావం వచ్చాయి. పుణేలోని వైరస్ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఇందుకు కారణమైన కొత్త వైరస్‌ను కనుగొన్నారు. దాన్ని ప్రధానంగా మోసేది హీమాఫైసాలిస్ స్పినిజెరా అనే పిడుదు. ఈ జబ్బునే 'కోతి జ్వరం' అంటున్నాం.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. పిడుదులకు తిండి పెట్టే జంతువు వేరు, వాటికి రోగక్రిమిని అంటించే జంతువు వేరు కావచ్చు. అడవిలో మేసే పశువుల రక్తంతో పెద్ద పిడుదులు బతికి, వేల గుడ్లు పెడతాయి. అయితే పశువుల నుంచి వాటికి వైరస్ అంతగా అందదు. అది కోతుల నుంచి, చిన్న జంతువుల నుంచి అందుతుంది. కోతి చనిపోతే దాని ఒంటిమీది పిడుదులు అక్కడే రాలిపోతాయి. ఆ చోటు ప్రమాదకరమవుతుంది. అమెరికాలోని లైమ్ వ్యాధిలోనూ ఇంతే: పిడుదులను పెంచేవి జింకలు, క్రిమిని అంటించేవి ముఖ్యంగా ఎలుకలు. కనుక అడవి జంతువులు పెరిగితే రోగం పెరుగుతుందని, తగ్గితే తగ్గుతుందని తేలికగా చెప్పలేం.

మరి వాతావరణం? పిడుదుకు తేమ కావాలి, ఎండిన గాలిలో అది త్వరగా చస్తుంది. వానలు వెనకబడ్డాక లార్వాలు గడ్డిపైకి చేరి, దొరికిన జంతువు రక్తం తాగి, నింఫ్‌లుగా మారతాయి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు నింఫ్‌లు ఎక్కువ. కట్టెలకూ, ఎండుటాకులకూ జనం అడవికి వెళ్లేదీ అప్పుడే. అందుకే జబ్బు ఆ నెలల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. చలికాలాలు వెచ్చబడిన కెనడాలో లైమ్ వ్యాధి పిడుదులు ఉత్తరానికి పాకాయి. మన కోతి జ్వరం కూడా 2012 తరువాత కేరళ, గోవా, మహారాష్ట్రలలో బయటపడింది. అయితే దీనికి వాతావరణం ఒక్కటే కారణమనలేం. అడవులు ముక్కలు కావడం, పశువుల మేత, మనుషుల రాకపోకలు కూడా లెక్కలోకి వస్తాయి.

ఈ జబ్బు మనిషి నుంచి మనిషికి సోకదు. కోతులను చంపితే పోయేదీ కాదు. అడవిలో చచ్చిన కోతి కనిపిస్తే ముట్టుకోకుండా అటవీ, ఆరోగ్య సిబ్బందికి వెంటనే చెప్పండి. ఆ ఒక్క కబురు ఊరందరినీ కాపాడవచ్చు.