అప్పు పుస్తకం ఎవరి చేతిలో ఉంది?

(స్త్రీల అక్రమ రవాణాపై కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

ముఠా అనగానే మనకు కత్తులు, తుపాకులు, సినిమాల్లో చూపించే స్మగ్లర్లు గుర్తుకొస్తారు. ఆడపిల్లల్ని అమ్మే ముఠా అలా కనపడదు. అందులో ఉన్నవాళ్లు కొందరు మన పక్క వీధిలోనే ఉంటారు. పెళ్లికి వస్తారు, చావుకు వస్తారు, అవసరానికి అప్పిస్తారు. అందుకే వాళ్లను ముఠా అనాలని మనకు తోచదు. ఒక పిల్ల కనిపించకుండా పోతే "ఎవడో మాయమాటలు చెప్పి తీసుకుపోయాడు" అంటాం. ఆ ఒక్కడి మీద కేసు పెట్టిస్తాం, దొరికితే సంతోషిస్తాం. వ్యాపారం మాత్రం ఆగదు. ఎందుకు ఆగటం లేదు, దాన్ని ఎక్కడ పట్టుకోవాలి అన్నదే ఈ రోజు నేను మాట్లాడదలుచుకున్న విషయం.

అనంతపురం, కడప, చిత్తూరు ప్రాంతాల కరువు మండలాల నుంచి స్త్రీలను ముంబై, పూణె, ఢిల్లీ వ్యభిచార గృహాలకు తరలించటం దశాబ్దాలుగా జరుగుతున్నదే. ఇందులో పనులు పంచుకుని ఉంటాయి. ఊళ్లో పిల్లను చూపించేది ఒకరు. చాలాసార్లు బాగా తెలిసిన మనిషే, కొన్నిసార్లు బంధువే. పని ఇప్పిస్తామనో, పెళ్లి సంబంధం ఉందనో చెప్పి రైలెక్కించేది ఇంకొకరు. నగరంలో దించుకుని డబ్బు చెల్లించేది మరొకరు. గది అద్దెకిచ్చేవాడు వేరు, పారిపోకుండా కాపలా కాసేవాళ్లు వేరు. మామూళ్లు పుచ్చుకుని చూసీచూడనట్టు ఉండేవాళ్లు సరేసరి. వీళ్లలో ఒకరి ముఖం ఒకరికి తెలియాల్సిన పని కూడా లేదు. 2018లో యాదగిరిగుట్టలో పోలీసులు వ్యభిచార గృహాల నుంచి చిన్నపిల్లల్ని విడిపించారు. పిల్లలు త్వరగా ఎదగటానికి హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చారని పోలీసులు చెప్పారు. ఆ కేసులో ఒక వైద్యుణ్ణి కూడా అరెస్టు చేశారు. అంటే ఈ గొలుసులో సూది వేసేవాడికీ చోటుంది.

ఈ గొలుసును కలిపి ఉంచేది అప్పు. పిల్లను కొన్న డబ్బు ఆ పిల్ల మీదే బాకీగా రాస్తారు. తిండి, బట్టలు, మందులు, గది అద్దె అన్నీ ఆమె ఖాతాలోకే వెళతాయి. పోలీసులు దాడి చేస్తే కట్టిన జరిమానా, బెయిలు ఖర్చు, లాయరు ఫీజు కూడా అందులోకే చేరతాయి. లెక్క పుస్తకం యజమానురాలి దగ్గర ఉంటుంది. ఆ లెక్క ఎంతో, ఎప్పటికి తీరుతుందో ఆ పిల్లకు ఎవరూ చెప్పరు. ఈ సంగతి మనం జాగ్రత్తగా గమనించాలి. ఆమెను ముద్దాయిని చేసి కోర్టుకు తీసుకుపోయిన ప్రతి దాడీ ఆమె బాకీని పెంచుతుంది. వ్యాపారం దెబ్బతినకపోగా, ఆమె మెడకు మరో ముడి పడుతుంది.

ఇక ఊరి సంగతి. సంపాదించిన డబ్బుతో బ్రోకరు ఊళ్లో వడ్డీ వ్యాపారి అవుతాడు. పంచాయతీ ఎన్నికల్లో ఖర్చు పెడతాడు. ఆసుపత్రికి పోవాలంటే, బోరు వేయించాలంటే అతని గుమ్మమే తొక్కాలి. రేపు కోర్టులో సాక్ష్యం చెప్పవలసిన వాళ్లంతా ఇవాళ అతనికి బాకీపడ్డ వాళ్లే. ఊరి నోరు మూయించటానికి కత్తి అక్కర్లేదు, ప్రోనోటు చాలు. చివరికి తిరిగొచ్చిన అమ్మాయి పరువు గురించి ఊరంతా మాట్లాడుతుంది. అమ్మినవాడి పరువు గురించి ఎవరూ మాట్లాడరు. ముఠాల వల్ల సమాజానికి జరిగే నష్టం అంటే హత్యలు, దోపిడీలే కాదు. న్యాయం అడిగే శక్తి ఊరికి లేకుండా పోవటం అన్నిటికంటే పెద్ద నష్టం.

చట్టం ఏం చెబుతోంది? 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టంలో 8వ సెక్షన్ విటులను పిలిచిందనే నేరం మోపి స్త్రీనే ముద్దాయిని చేస్తుంది. ఆ సెక్షన్ పోలీసులకు బాగా గుర్తుంటుంది. అదే చట్టంలోని 6వ సెక్షన్ ఎంతమందికి గుర్తుంది? స్త్రీ నగలు, బట్టలు, డబ్బు తన దగ్గర అట్టిపెట్టుకుని ఆమెను కదలనివ్వకపోతే దాన్ని నిర్బంధంగానే పరిగణించాలని ఆ సెక్షన్ చెబుతోంది. అలా నిర్బంధించినవాళ్లు, ఆమె తమకు బాకీ ఉందని చెప్పి ఆ డబ్బు కోసం ఏ దావా వేయటానికీ వీల్లేదని కూడా చెబుతోంది. అంటే ఆ పుస్తకంలో రాసిన అప్పు చట్టం ముందు చెల్లదు. ఈ ఒక్క మాట ప్రతి బాధితురాలికీ మనం చెప్పి తీరాలి.

2022 మే నెలలో సుప్రీంకోర్టు మరో ముఖ్యమైన సంగతి చెప్పింది. ఇష్టపూర్వకంగా ఈ వృత్తిలో ఉన్న మేజరు స్త్రీలను దాడుల సమయంలో అరెస్టు చేయటం, వేధించటం కూడదని స్పష్టం చేసింది. కాబట్టి మన పోరాటం ఆ స్త్రీల మీద కాదు, వాళ్లను అమ్మి బతికేవాళ్ల మీద.

మరి ముఠా దేనికి భయపడుతుంది? దీనికి ఇటలీ అనుభవం చూడాలి. సిసిలీ ద్వీపంలో మాఫియా వేళ్లూనుకున్న నగరం పలెర్మో. మాఫియా ఆస్తులను జప్తు చేసే చట్టం కోసం పట్టుబట్టిన పార్లమెంటు సభ్యుడు పియో లా తోర్రెను 1982 ఏప్రిల్‌లో అక్కడే చంపేశారు. అదే ఏడు సెప్టెంబరులో ఆ చట్టం వచ్చింది. 1992లో న్యాయమూర్తి ఫాల్కోనేను బాంబుతో చంపినప్పుడు పలెర్మో స్త్రీలు తెల్ల దుప్పట్ల మీద మాఫియా వ్యతిరేక నినాదాలు రాసి బాల్కనీల్లో వేలాడదీశారు. భయంతో తలుపులు మూసుకున్న నగరంలో అదొక పెద్ద మార్పు. 1996లో వచ్చిన మరో చట్టం ప్రకారం జప్తు చేసిన ఇళ్లు, భూములు ప్రజోపయోగానికి ఇస్తున్నారు. ముఠా నాయకుడికి జైలు కొత్త కాదు. జైల్లో కూర్చుని కూడా వ్యాపారం నడపగలడు. డబ్బు పోతే మాత్రం అతని మాట వినేవాడుండడు. వ్యవస్థీకృత నేరాలపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం, దానితోపాటు మనుషుల అక్రమ రవాణాపై ఒప్పందం 2000 డిసెంబరులో సంతకాలకు పెట్టింది ఆ పలెర్మో నగరంలోనే. 2011లో మన దేశం దాన్ని ఆమోదించింది.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన మన కొత్త చట్టాల్లో ఇందుకు ఆధారాలున్నాయి. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ప్రకారం అక్రమ రవాణా కేసులో బాధితురాలు ఒప్పుకుందా లేదా అన్న ప్రశ్నకు తావు లేదు. 111వ సెక్షన్ వ్యభిచారం కోసం మనుషులను తరలించటాన్ని వ్యవస్థీకృత నేరాల్లో చేర్చింది. అయితే దాన్ని వాడాలంటే అంతకు ముందు పదేళ్లలో ఒకటికంటే ఎక్కువ ఛార్జిషీట్లు పడి ఉండాలి. ఇక్కడే ముఠా తప్పించుకుంటుంది. ఒక కేసు కదిరిలో, ఒకటి పూణెలో, ఇంకొకటి ఢిల్లీలో ఉంటాయి. వాటిని కలిపి చూసేవాళ్లుండరు. ఇక నాగరిక సురక్షా సంహిత 107వ సెక్షన్ ప్రకారం నేరం వల్ల వచ్చిన ఆస్తిని కోర్టు జప్తు చేయించి, జిల్లా మేజిస్ట్రేటు ద్వారా బాధితులకు పంచవచ్చు. దర్యాప్తు అధికారి ఎస్.పి. లేదా కమిషనర్ అనుమతితో కోర్టుకు దరఖాస్తు చేయాలి. మనం అడగకపోతే ఆ దరఖాస్తు పడేది అనుమానమే.

అందుచేత మిత్రులారా, మనం చేయాల్సిన పని ఇది. ఫిర్యాదులో "గుర్తు తెలియని వ్యక్తి" అన్నచోట ఆగిపోవద్దు. ఎవరు చూపించారు, ఎవరు టికెట్ కొన్నారు, ఏ ఫోను నెంబరు నుంచి మాట్లాడారు, ఎవరి ఖాతాలో ఎంత పడింది, ఇల్లు ఎవరిది, అన్నీ రాయించండి. బాధితురాలు తేరుకున్నాక, ఆమె ఇష్టంతోనే, ఆమె మాటల్లోనే రాయించండి. ఒకే బ్రోకరు పేరు రెండు మండలాల్లో వినపడితే, ఆ రెండు కేసులూ కలిపి ఎస్.పి.కి అర్జీ ఇవ్వండి. పొరుగు రాష్ట్రాల సంఘాలతో వివరాలు పంచుకోండి. బాధితురాలి పేరు, ఊరు మాత్రం బయటికి పొక్కనివ్వకండి. సాక్ష్యం చెప్పేవాళ్లు బ్రోకరు బాకీ నుంచి బయటపడేందుకు పొదుపు సంఘాల ద్వారా దారి చూడండి. బాకీ తీరిన రోజున మనిషికి ధైర్యం వస్తుంది.

ముఠా ఒక్క పైసా కూడా మరచిపోకుండా లెక్క రాసుకుంటోంది. కనపడకుండా పోయిన ప్రతి ఆడపిల్ల లెక్కా మన దగ్గర కూడా ఉండాలి. మండలానికొక పుస్తకం చొప్పున ఈ నెలలోనే మొదలుపెడదాం.